నిమిషాల చీటీ

ప్రెస్సు నుంచి కార్డుల కట్ట వచ్చేసరికి పిన్ని చేతులు మోచేతుల దాకా పిండిలో ఉన్నాయి. తెచ్చినతను కట్ట విప్పి, ఒక కార్డు తీసి ఆమె కళ్ల ముందు పట్టుకున్నాడు. మీ వంటల గురించేనట అన్నాడు. ఆమె చదవడం పూర్తయ్యేదాకా నిలబడే ఓపిక లేక, దాన్ని పంచదార డబ్బాకి ఆనించి వెళ్లిపోయాడు.

కార్డు బాగానే ఉంది. మెరిసే మందపాటి కాగితం, అంచుల చుట్టూ ఎర్ర రిబ్బను. 'క్రిస్మస్ వారం: ఆరు పాత సినిమాలు, ఆరు ఇంటి తీపి వంటలు' అని పైన రాసి ఉంది. కింద ఒక్కో సినిమా పేరు, పక్కన ఆ రోజు హాల్లో పంచే తీపి, దాని కింద ఆ సినిమాకి ఆ తీపే ఎందుకో చెప్పే ఒక్క వాక్యం. ఆ వాక్యాలు ఆరూ పిన్నివే. నెల కిందట హాలు యజమానురాలు చిన్నమ్మగారు ఇదే బల్ల దగ్గర స్టూలు లాక్కుని కూర్చుని, మీరు చెప్పండి నేను రాసుకుంటాను అంటే, పొయ్యిలో కేకు ఉడికేలోగా గుక్క తిప్పుకోకుండా చెప్పినవి. ఒక్క అక్షరం పొల్లుపోకుండా అచ్చు వేయించారు. అట్టడుగున 'ఎంపిక, రూపకల్పన' అని ఉంది. దాని పక్కన చిన్నమ్మగారి పేరుంది.

పిన్ని మళ్లీ చదివింది. కార్డు వెనక ఏముందో చూడాలంటే చేతులు కడుక్కోవాలి. కడుక్కుని, తుడుచుకుని, తిప్పి చూసింది. వెనక ఆటల వేళలు, కుర్చీల పటం. ఆమె పేరు ఎక్కడా లేదు.

ఆ హాలు చిన్నది. నూట ఇరవై కుర్చీలు, ఒకే తెర. వంటగది సరిగ్గా ఆ తెర వెనక గోడకి అటు పక్క. చిన్నమ్మగారి మామగారు బతికుండగా క్రిస్మస్‌కి ముందు ఆరు సాయంత్రాలు పాత పండగ సినిమాలు వేయడం, చూడ్డానికి వచ్చినవాళ్లకి సినిమాకి తగ్గ తీపి పళ్లెంలో పెట్టి ఇవ్వడం మొదలుపెట్టారు. పదకొండేళ్లుగా ఆ తీపి చేస్తున్నది పిన్నే. హాల్లో టికెట్టు చింపే అతని నుంచి ఊడ్చే ఆవిడ దాకా అందరికీ ఆమె పిన్నే. ఇప్పుడు కార్డు చూస్తే వాళ్లందరి కన్నా తనే పరాయిదైపోయినట్టు అనిపించింది. సొమ్మొకడిది, సోకొకడిది అని గట్టిగానే అంది. గదిలో వినేవాళ్లు లేరు. పిండి మీద కోపం చూపిస్తే కేకు గట్టిపడుతుందని తెలుసు కాబట్టి, ముద్దని వదిలేసి గిన్నెలు తోమింది.

పదకొండింటికి ఆపరేటరు టీకి వచ్చాడు. మేడ మీద గదిలోంచి సినిమా వేసే మనిషి. అరవై దాటాడు, మెట్లు దిగేటప్పుడు మోకాళ్లు పట్టుకుంటాడు. ఒంట్లో చక్కెర ఎక్కువ కనక టీ కూడా చప్పగానే తాగుతాడు. పిన్ని చేసిన తీపి ఇన్నేళ్లలో ఒక్కటీ నోట పెట్టుకోలేదు, వాసన చూసి ఇవాళ దాల్చినచెక్క కాస్త ఎక్కువైందనో, వెన్న ఇంకొంచెం కాగాలనో చెబుతాడు. చెప్పింది సరిగ్గానే ఉంటుంది.

పిన్ని అతనికి కార్డు చూపించింది. అతను కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని, కార్డు చేయంత దూరాన పట్టుకుని చదివాడు.

"బాగా వేశారే."

"అడుగున చూడన్నయ్యా."

చూశాడు. టీ గుక్కెడు తాగాడు. "పోనీలే చెల్లెమ్మా. పేరుదేముంది. వచ్చినవాళ్లు తింటారు, నవ్వుకుంటూ వెళ్తారు. అది చాలదా."

"నీకేం, ఎన్నయినా చెప్తావు. చీకట్లో కూర్చుని మీట నొక్కేవాడివి, నీకు పేరుతో పనేముంది. ఒళ్లు హూనం చేసుకునేదాన్ని నేను."

అతను గ్లాసులో మిగిలిన టీ తాగేశాడు. "అదీ నిజమేలే" అన్నాడు. జేబులోంచి ఒక చీటీ తీసి, ఎప్పుడూ పెట్టే చోట, తూకం రాయి కింద పెట్టి వెళ్లిపోయాడు.

అది నిమిషాల చీటీ. పాత టికెట్టు చుట్టలోంచి చింపిన కాగితం వెనక పెన్సిలుతో రాసి ఉంటుంది. ఏ నిమిషంలో జనం నవ్వుతారు, ఏ నిమిషంలో నోళ్లు తెరిచి చూస్తారు, ఎక్కడ కళ్లు తుడుచుకుంటారు, ఎక్కడ చేతులు ఖాళీగా ఉంటాయి. అంకె పక్కన రెండు మూడు మాటల్లో తెర మీద ఏమవుతోందో కూడా రాస్తాడు. మొదటి ఏడాది పిన్ని, రైల్వే స్టేషన్లో మంచుకి చిక్కుకుపోయినవాళ్ల సినిమాకి కరకరలాడే అల్లం బిస్కెట్లు చేసింది. తెర మీద తల్లి ఉత్తరం చదువుతుంటే, మాటా సంగీతమూ లేని ఆ పదకొండు నిమిషాలూ హాలంతా ఎలుకలు ధాన్యంలో పడ్డట్టు ఒకటే చప్పుడు. మర్నాడు ఆపరేటరు మొదటి చీటీ తెచ్చాడు. 'యాభై రెండు నుంచి అరవై మూడు: మెత్తనిది' అని అందులో రాశాడు. అప్పటి నుంచి ఏటా ఆరు చీటీలు; ఏ తీపో ముందే ఖాయమైనా, ఎంత మెత్తగా ఉండాలో, పైన ఏం చల్లాలో చీటీ చూశాకే. సినిమాలు పాతవే అయినా చీటీ కొత్తది రాస్తాడు, జనం నవ్వే చోటు ఏడాదికేడాదికి కాస్త జరుగుతుందట.

పిన్ని ఆ సినిమాలు ఒక్కటీ చూడలేదు. ఆట నడిచే రెండు గంటలూ ఆమె పళ్లేలు సర్దాలి, పంపాలి, వచ్చినవి కడగాలి. గోడ అవతల నుంచి గుర్రాల గిట్టలు, గంటలు, ఎవరో ఏడవడం వినబడతాయి. కుళాయి తిప్పితే అవీ వినబడవు.

ఆ సాయంత్రమే మొదటి ఆట, కుక్క సినిమా. పండగ విందంతా ఒక కుక్క ఎత్తుకుపోతే ఇల్లంతా దాని వెంట పడతారట, నాలుగు నిమిషాలకోసారి నవ్వులే. నవ్వేవాడి నోట్లో పంచదార పొడి ఉంటే పొలమారుతుంది, గింజ ఉంటే గొంతుకి అడ్డం పడుతుంది, గిన్నెలో కస్టర్డు అయితే ఒళ్లో ఒలుకుతుంది. అందుకని లోపల జాము పెట్టిన మెత్తటి చిన్న కేకులు, రెండు కొరుకుళ్లకి అయిపోయేవి. పిన్ని వేలితో ఒక్కోదాని నడుమ గుంట చేసి, జాము చెంచాడు వేసి, పైన పిండి మూత పెట్టి అంచులు నొక్కింది. రెండు వందల నలభై. ఆ రోజు హాలు నిండింది. చిన్నమ్మగారు రెండుసార్లు వంటగదిలోకి వచ్చి చాలా బాగున్నాయంటున్నారండీ పిన్నిగారూ అంది. పిన్ని తల ఎత్తకుండా ఊఁ అంది. కార్డు సంగతి ఆవిడా ఎత్తలేదు, ఈవిడా అడగలేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు గానీ, అడిగి పెట్టించుకున్న పేరుకి రుచేముంటుంది అని పిన్ని పట్టుదల.

రెండో రోజు స్టేషన్ బొమ్మకి వేడి అల్లం కేకు. మూడో రోజు తపాలా బంట్రోతు బొమ్మకి నారింజ తొక్కల మిఠాయి. ఆ మధ్యాహ్నం చిన్నమ్మగారు వచ్చి, రేపు పత్రిక నుంచి ఒక అమ్మాయి వస్తోంది, వంటగది కూడా చూస్తుందట అని చెప్పి, కాస్త శుభ్రంగా ఉంచండి అనబోయి, చుట్టూ చూసి ఊరుకుంది. ఆ గదిలో శుభ్రం చేయడానికి ఏమీ మిగల్లేదు.

పిన్నికి ఆ రాత్రి నిద్ర సరిగ్గా పట్టలేదు. పత్రిక అమ్మాయి అడిగితే తను ఏం చెప్పాలో పక్క మీద దొర్లుతూ వంద రకాలుగా అనుకుంది. ఎవరినీ తిట్టకూడదు. చిన్నమ్మగారిని చిన్నబుచ్చకూడదు. కానీ ఇది తన పని అని ఆ పిల్లకి తెలిసిపోవాలి. ఉదయానికి మాటలన్నీ సిద్ధమయ్యాయి.

నాలుగో రోజు మూడింటికి పత్రిక అమ్మాయి వచ్చింది. చిన్న పిల్ల, పెద్ద సంచీ, గబగబా రాసుకునే చేయి. చిన్నమ్మగారు ఆమెని వంటగదిలోకి తెచ్చి పొయ్యి, తట్టలు, అచ్చులు చూపించింది. అమ్మాయి కార్డు చూస్తూ, నవ్వుల సినిమాకి గింజలు లేని కేకు ఎందుకు పెట్టారండీ అని చిన్నమ్మగారినే అడిగింది. చిన్నమ్మగారు నోరు తెరిచి, ఆగి, ఎర్రబడింది.

"నిజం చెప్పాలంటే ఇవన్నీ ఈవిడవి. ప్రెస్సువాళ్లు ఎవరి పేరు వేయమంటారు అంటే, హాలు నాదే కదా అని నా పేరు చెప్పేశాను. ఆ పూట ఇంకేమీ తోచలేదు. ఈవిణ్ణే అడగండి."

పిన్ని ఇందుకు సిద్ధంగా లేదు. పోట్లాడి తెచ్చుకోవాలనుకున్నది ఎదురొచ్చి చేతిలో పడేసరికి, రాత్రంతా కూర్చుకున్న మాటలు ఒక్కటీ పనికిరాలేదు. అమ్మాయి స్టూలు లాక్కుని ఆమెకి దగ్గరగా కూర్చుంది.

"వీటిల్లో మీకు బాగా ఇష్టమైన సినిమా ఏదండీ? ఏ సీను చూస్తే ఈ వంట తట్టింది?"

చూడలేదని చెబితే ఏమనుకుంటారు? చూడని సినిమాకి వంటలు కూర్చేదట అని నవ్వుతారు. నిన్న మొన్నటి దాకా ఎవరూ అడగని మనిషిని ఇవాళ అడుగుతున్నారు. పిన్ని చేతులు పైటకి తుడుచుకుంది.

"ఆఖరి రోజు వేసేది. అన్నదమ్ముల బొమ్మ" అంది. "ఇరవై ఏళ్లు మాటల్లేని అన్నదమ్ములు పండగ పూట ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. ఒకటే యాపిల్ కేకు ముక్క మిగులుతుంది. అన్న దాన్ని రెండు చేస్తాడు. పెద్ద ముక్క ఏదో తేల్చుకోలేక రెండూ తమ్ముడి వైపే తోసేస్తాడు. అది చూసినప్పుడల్లా నాకు ఏడుపు ఆగదమ్మా. అందుకే ఆ రోజు రెండు కుర్చీలకి ఒకటే పళ్లెం పెడతాను."

అమ్మాయి తల వంచుకుని రాసుకుంటోంది. చిన్నమ్మగారు కళ్లు ఒత్తుకుంది. పిన్ని తల ఎత్తితే గుమ్మంలో ఆపరేటరు ఉన్నాడు. చేతిలో ఖాళీ టీ గ్లాసు, వేళ్ల మధ్య ఆ రోజు చీటీ. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో తెలియదు. ఆ సీను అతను చెప్పిందే, ఆ మాటలతోనే, తొమ్మిదేళ్ల కిందట ఈ గుమ్మంలోనే నిలబడి. ఆ రోజు చెబుతూ చెబుతూ గోడ వైపు తిరిగి, ఏడుపు ఆగట్లేదు చెల్లెమ్మా అన్నాడు.

ఇప్పుడు అతను గ్లాసు చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టాడు, చీటీ తూకం రాయి కింద పెట్టాడు, వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు అతని ముఖం ఎలా ఉందో పిన్నికి బాగా తెలుసు. మూడు రోజుల కిందట కార్డు చదువుతున్నప్పుడు తన ముఖం అలాగే ఉండి ఉంటుంది.

అమ్మాయి పిన్నిని తట్ట పట్టుకుని నిలబడమని ఫోటో తీసింది. నవ్వండి అంటే పిన్ని నవ్వింది.

అయిదో రోజు పేపర్లో వచ్చింది. సగం పేజీ, రంగు ఫోటో. 'తెర వెనక చేయి' అని పైన. పిన్ని పేరు నాలుగుసార్లు ఉంది. టికెట్టు చింపే అతను రెండు ప్రతులు కొని తెచ్చాడు, ఊడ్చే ఆవిడ ఫోటో మీద వేలు పెట్టి నిమిరింది. చిన్నమ్మగారు వచ్చి పిన్ని చేతులు పట్టుకుని, పొరపాటు నాదేనండీ, వచ్చే ఏడాది కార్డు మీద మీ పేరే అంది. రేపు ఆఖరి ఆటకి ముందు మిమ్మల్ని వేదిక మీదికి పిలిచి అందరికీ చెబుతాను అని కూడా అంది. పిన్ని ఏదో చెప్పబోయింది. ఆవిడకి ఫోను మోగింది, మాట్లాడుకుంటూ వెళ్లిపోయింది.

పదకొండింటికి ఆపరేటరు వచ్చాడు. టీ పోస్తుంటే ఇవాళ వద్దులే, కడుపు బాగాలేదు అన్నాడు. చీటీ పెట్టి వెళ్లాడు. అందులో అంకెలున్నాయి. పద్నాలుగు, నవ్వు. ముప్పై ఒకటి, నవ్వు. అరవై ఎనిమిది, మౌనం. అంతే. తెర మీద ఏమవుతోందో ఒక్క మాట లేదు. పిన్ని కాగితం తిప్పి చూసింది, వెలుగులో పెట్టి చూసింది. ఎవరు ఎందుకు మౌనంగా ఉంటారో తెలియకుండా పుడ్డింగు మీద ఏం చల్లాలి? ఆ రోజు ఎలాగో చేసింది. పళ్లేలు ఖాళీగానే వచ్చాయి. తినేవాళ్లకి తేడా తెలియలేదు గానీ, పిన్నికి తెలిసింది. చిన్నమ్మగారు చేసింది ఒక్క పూట తోచక చేసిన తప్పు. తను పదకొండేళ్లుగా చేస్తోంది. నెల కిందట చిన్నమ్మగారికి ఆరు వాక్యాలు చెప్పినప్పుడు కూడా, వాటిల్లో సగం అతనివని ఒక్కసారీ గుర్తుకు రాలేదు.

ఆరో రోజు పొద్దున్నే పిన్ని మేడ మెట్లు ఎక్కింది. ఎక్కడం అదే మొదటిసారి. గది ఇరుకు, వేడి, నూనె వాసన. కుర్చీ పక్కన నేల మీద పదకొండేళ్ల చీటీల నకళ్లు రబ్బరు బ్యాండ్లు వేసి వరసగా పేర్చి ఉన్నాయి. అతను అద్దం తుడుస్తున్నాడు.

"అన్నయ్యా, తప్పయిపోయింది" అంది. "నీ మాటలు నావని చెప్పాను."

"చెబితే చెప్పావులే. నా నోట్లో ఉంటే పేపరుదాకా వచ్చేవా."

అతను అద్దానికి ఊది మళ్లీ తుడిచాడు. పిన్ని కదల్లేదు. అతను గుడ్డ మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు.

"సినిమా చెప్పావు, ఫర్వాలేదు. అది ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా చెప్పొచ్చు. ఆ ఏడుపు కూడా నీదే అన్నావు చూడు. అది మాత్రం నాది, చెల్లెమ్మా."

ఎందుకు నీది అని ఆమె అడగలేదు. అతనికి తమ్ముడున్నాడో లేదో కూడా తనకి తెలియదని అప్పుడు తట్టింది. ఇంక ఆ సంగతి ఎత్తకు, పొయ్యి మీద పని చూసుకో అని అతనే పంపించేశాడు. చీటీ చేతికిచ్చాడు. ఈసారీ అంకెలే.

యాపిల్ కేకుకి పళ్లు ఒకే మందాన కోయాలి. పిన్ని ఆ రోజు ఎనిమిది పళ్లు తప్పుగా కోసి పక్కన పడేసింది. దాల్చినచెక్క వేసి, వేడి వెన్న పోసి, తట్టలు పొయ్యిలోకి తోసింది. ఒక్కో కేకు ముక్క పెద్దది, మధ్యలో కత్తి గాటు, సరిగ్గా మధ్యలో కాకుండా కాస్త పక్కకి. అరవై పళ్లేలు, ఒక్కో దానికి రెండు చెంచాలు. సాయంత్రం అవి ముందుగానే హాల్లోకి వెళ్లాయి, రెండేసి కుర్చీల మధ్య ఒకటి.

ఆటకి పావుగంట ముందు చిన్నమ్మగారు వచ్చి పిన్నిని చేయి పట్టుకుని తీసుకెళ్లింది. ఏప్రను విప్పనివ్వలేదు, అలాగే బాగుందంది. తెర పక్కన చిన్న తలుపు తెరిచి వేదిక మీదికి ఎక్కించింది. దీపాలన్నీ వెలుగుతున్నాయి. పదకొండేళ్లుగా వీపు వైపు నుంచి విన్న హాలుని పిన్ని మొదటిసారి ముందు నుంచి చూసింది. పళ్లేల మీద వంగిన తలలు, పక్కవాళ్లకి చెంచా అందిస్తున్న చేతులు, తెలియని వాళ్లు పెద్ద ముక్క నువ్వు తీసుకో అంటే నువ్వు తీసుకో అని నెట్టుకోవడం. ఇన్నేళ్లు ఆమెకి కనబడింది ఖాళీ పళ్లేలే.

చిన్నమ్మగారు మైకులో, కార్డు మీద తన పేరు పడటం తప్పనీ, అక్కడ ఉండాల్సింది ఈవిడ పేరనీ చెప్పింది. హాలంతా చప్పట్లు. మైకు పిన్ని చేతికొచ్చింది. అది అనుకున్నదానికన్నా బరువుగా ఉంది.

"నేను ఈ సినిమాలు ఒక్కటీ చూడలేదు" అంది పిన్ని.

జనం నవ్వారు. హాస్యమనుకున్నారు. నవ్వు తగ్గేదాకా ఆమె ఆగింది.

"నిజంగానే చూడలేదు. నా వంటగది ఈ తెర వెనక ఉంది. నేను ఏడ్చానని పేపర్లో వేశారు. అది అబద్ధం, నేనే చెప్పాను. చూస్తే కదా ఏడ్చేది. ఏ బొమ్మలో ఏముందో, మీరు ఎక్కడ నవ్వుతారో, ఎక్కడ మింగలేక ఆగుతారో నాకు ఒకాయన రాసిస్తాడు. పదకొండేళ్ల నుంచి. నేను చేసిన తీపి ఆయన ఒక్క ముక్క తినలేదు, ఆయనకి పడదు. నాకన్నా ముందు ఆయన పేరు ఉండాలి. అదిగో, ఆ కిటికీలో ఉంటాడు."

చెయ్యెత్తి చూపించింది. నూట ఇరవై తలలూ వెనక్కి తిరిగాయి. మేడ గోడలో చిన్న గాజు కిటికీ. అందులో కళ్లజోడు నుదుటి మీదున్న ముఖం ఒకటి కనబడి, చటుక్కున పక్కకి తప్పుకుంది. ముందు ఒకరు చప్పట్లు కొట్టారు, తర్వాత ఇద్దరు, తర్వాత హాలంతా. కొందరు లేచి నిలబడ్డారు. చప్పట్లు ఆగితే బయటికి రావాలేమోనని కాబోలు, అతను మళ్లీ కనబడలేదు.

ఆట వేళకి ఇంకా ఏడు నిమిషాలుంది. ఇరవై రెండేళ్లలో ఒక్క నిమిషం అటూ ఇటూ కానివ్వని మనిషి, ఏం చేయాలో తోచక దీపాలు ఆర్పేసి సినిమా మొదలుపెట్టేశాడు. వెలుగు వచ్చి సూటిగా పిన్ని ముఖాన పడింది. ఆమె చేయి అడ్డం పెట్టుకుని అక్కడే నిలబడిపోయింది. వెనక తెర మీద మంచు కురుస్తూ, ఆ సినిమా తీసినవాళ్ల పేర్లు ఒకదాని కింద ఒకటి పడుతున్నాయి. హాల్లో ఒక్కరూ వాటిని చదవడం లేదు. అందరూ తెరకి వీపు పెట్టి, ఆ కిటికీ వైపే చూస్తూ చప్పట్లు కొడుతున్నారు.